ఎర్ర కోటు వేసుకున్న రెండు తెల్ల కుక్కలు

మా మరదలు కుక్కలకు స్నానం చేయించి, జుట్టు కత్తిరిస్తుంది. అదే ఆమె వృత్తి. అంతకు ముందు చాలా ఏళ్లు ఆడవాళ్ల జుట్టు కత్తిరించేది. ఎందుకు మారావని అడిగితే, "మనుషులు పనయ్యాక అద్దం చూసుకుంటారు బావా. గొడవంతా అక్కడే మొదలవుతుంది" అంటుంది.

ఆమె కొట్టు ఒకప్పుడు సైకిళ్లకు పంక్చర్లు వేసిన గది. ఎన్నిసార్లు సున్నం వేయించినా గోడల మీద టైర్ల నల్లటి గుండ్రాలు మళ్లీ మళ్లీ పైకి తేలుతూనే ఉంటాయి. వెనక గదిలో సిమెంటు తొట్టి, నడుమెత్తు బల్ల, తడి ఆరబెట్టడానికి గాలి కొట్టే మిషను ఉన్నాయి. ఆ మిషను గాలికి ఒకసారి నా కట్టుడు పళ్లు ఎగిరిపోయి పక్కనున్న మందుల షాపు కౌంటరు మీద పడ్డాయి. మా మరదలు మాత్రం వాటిని నేనే అక్కడ మరిచిపోయానని ప్రచారం చేస్తోంది. ఎవరి మాట నమ్మాలో మీ ఇష్టం.

ముందు గదిలో, కిటికీ పక్కన, కుట్టుమిషను దగ్గర ఆమె మొగుడు కూర్చుంటాడు. అంటే నా తోడల్లుడు. దర్జీ. మనుషులు కుట్టించుకోవడం మానేశాక కుక్కలకు కోట్లు కుడుతున్నాడు. గుడ్డ ముక్క వృథా అయితే అతనికి ఆ రోజు అన్నం సయించదు. అతని మిషను పైన గోడకు వరసగా మేకులున్నాయి. స్నానానికి వచ్చిన ప్రతి కుక్క మెడపట్టీ ఒక్కో మేకుకు వేలాడుతుంది. ఏ కుక్క ఏదో తెలియడానికి మా మరదలు ఒక పద్ధతి పెట్టుకుంది. దింపేవాళ్లకు అప్పుడే ఒక్కో రంగు చెప్పి, స్నానమయ్యాక ఆ రంగు కోటు తొడుగుతుంది. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లను కోటు రంగు అడిగి అప్పగించడం మా తోడల్లుడి పని. ఆ పద్ధతి ఎన్నడూ బెడిసికొట్టలేదు, ఒక ముసురు పట్టిన రోజు దాకా.

ఆ రోజు నేను వెళ్లింది సలహా కోసం. మా మనవరాలు కుక్కపిల్ల కావాలని మంకుపట్టు పట్టింది. తెల్లగా, బొచ్చుగా, దిండులా ఉండాలట.

"పొమేరియన్ తేవాలా, స్పిట్జ్ తేవాలా అని ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. నాకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. నువ్వే తీర్పు చెప్పాలి మరదలా" అన్నాను.

"రెండూ ఇవాళ ఇక్కడే ఉన్నాయి. కూర్చుని చూడు. నోరు కాసేపు మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తాయి" అంది.

బల్ల మీద ఉన్నది పింజ. పాటల టీచరుగారి పొమేరియన్. పొమేరియన్ అంటే సంచిలో పట్టేంత ఉండాలి. పింజ మాత్రం తన జాతిలో బకాసురుడు. నన్ను చూడగానే మొరగడం మొదలుపెట్టింది. ఆ మొరుగుడుకు మందుల షాపులో దగ్గు మందు సీసాలు వాటంతటవే మూత తీసుకున్నాయంటే మీరు నవ్వుతారు. బల్ల కింద, మా మరదలి చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకున్నది రాకెట్. పరుగుల మాస్టారి జపాను స్పిట్జ్. నన్ను చూసి తోక ఒక ఊపు ఊపింది. అంతే.

"ఇదీ తేడా" అంది మా మరదలు, పింజ చెవుల వెనక దువ్వుతూ. "పింజకు ప్రపంచంలో ఒక్క మనిషి చాలు. మహా అయితే ఇద్దరు, టీచరుగారూ నేనూ. మిగతావాళ్లంతా దొంగలే. రాకెట్‌కి అందరూ చుట్టాలే. దొంగ వచ్చినా కుర్చీ చూపిస్తుంది. చిన్నపిల్లలున్న ఇల్లయితే రాకెట్ లాంటిది నయం. పింజకు ఎముకలు పుల్లలు. సోఫా మీంచి దూకినా కాలు విరుగుతుంది."

"మరి చూడ్డానికి?"

"పింజ మూతి పొట్టి, ముఖం గుండ్రం. రాకెట్ మూతి పొడుగు, పెదాలు చూడు, కాటుక పెట్టినట్టు నల్లగా లేవూ? బొచ్చు రెండింటికీ రెండు పొరలే. పైన గరుకు, లోపల దూది. ఎండాకాలం వచ్చిందని గొరిగించకు. మళ్లీ సరిగ్గా రాదు. ఇల్లంతా రాలుతుందని అక్కయ్యకు ముందే చెప్పు. తర్వాత నన్ను తిట్టకూడదు."

పింజ మధ్యలో దగ్గింది. కుక్క దగ్గులా లేదది. బాతు కూతలా ఉంది. మా మరదలు దువ్వెన పక్కన పెట్టేసి, దాని గొంతు మీద చెయ్యి వేసి, దగ్గు ఆగేదాకా కదల్లేదు.

"ఇదింకో తేడా. పొమేరియన్లలో చాలావాటికి గాలిగొట్టం మెత్తన. పింజకు మరీ. మెడకు ఏదీ కట్టకూడదు. గట్టిగా ఒక్క గుంజు గుంజితే గొట్టం నొక్కుకుపోయి ప్రాణం పోతుందని డాక్టరు నాకూ టీచరుగారికీ కలిపి చెప్పాడు. అందుకే దీనికి ఛాతీకి కట్టే పట్టీ. అదిగో, మేకుకు ఉంది."

చూశాను. నీలం రంగు ఛాతీ పట్టీ, పక్క మేకుకు రాకెట్ మెడపట్టీ, ఇనుప బకిలుతో, దానికి గొలుసు.

ఇంతలో బురదలో ఈదులాడి వచ్చిన ఒక నల్ల కుక్కను ఎవరో దింపి వెళ్లారు. దూడంత ఉంది. "బావా, కాళ్లు పట్టుకో" అంది మా మరదలు. కాన్వెంటులో చదివిన మనిషికి చెప్పే పనేనా అది? పట్టుకున్నాను. పింజనూ రాకెట్‌నూ ముందు గదిలో వదిలి, "ఏవండీ, రెండింటికీ కోట్లు తొడగండి, చలిగా ఉంది" అని కేకేసి, మధ్య తలుపు మూసింది.

తొట్టిలో యుద్ధం జరిగింది. తర్వాత గాలి మిషను మొదలైంది. అది తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. చాలాసేపటికి మా మరదలు మిషను ఆపింది. నల్ల కుక్క ఒళ్లు దులుపుకుంది. నా చొక్కా తడిసి ముద్దయింది. నేను ఏదో అనబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఉండు బావా. విను."

విన్నాను. ఏమీ వినపడలేదు.

"అదే. పింజ మొరగడం లేదు."

తలుపు తోసుకుని ముందు గదిలోకి వెళ్లింది. మా తోడల్లుడు తాపీగా బొత్తాం కుడుతున్నాడు. అతని పాదాల మీద ఎర్ర కోటు వేసుకున్న తెల్ల కుక్క ఒకటి నిద్రపోతోంది.

"రాకెట్‌ని తీసుకెళ్లిపోయారు. మాస్టారి తమ్ముడు వచ్చాడు" అన్నాడు మా తోడల్లుడు, తలెత్తకుండానే.

మా మరదలు వంగి, నిద్రపోతున్న కుక్క మూతి పైకెత్తింది. పెదాలు కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచి, తోక ఒక ఊపు ఊపింది.

"మరి ఇదేంటండీ?"

మా తోడల్లుడి చేతిలో సూది ఆగిపోయింది.

జరిగింది ఇదీ. అతని దగ్గర ఎర్ర గుడ్డ మిగిలింది. ఒక కోటుకు ఎక్కువ, రెండు కోట్లకు సరిగ్గా సరిపోతుంది. ఇంకే దర్జీ అయినా ఒక కోటు కుట్టి, మిగిలింది అటకెక్కించేవాడు. ఇతనికి ప్రాణం ఒప్పలేదు. రెండు కోట్లు కోశాడు. రెండు తెల్ల కుక్కలకు రెండు ఎర్ర కోట్లు తొడిగి, దూరం జరిగి చూసుకుని, పెళ్లికి తయారైన కవలల్లా ఉన్నాయని మురిసిపోయాడు. కోటు కిందికి పోయాక చిన్నా పెద్దా తేడా కూడా తెలియలేదు. అప్పుడు మాస్టారి తమ్ముడు వచ్చాడు. ఊరికి కొత్తవాడు. అన్న కుక్కను ఎన్నడూ చూడలేదు. "తెల్ల కుక్కటండీ, ఎర్ర కోటు అని పొద్దున మేడం చెప్పారట" అన్నాడు.

"ఎర్ర కోటువి రెండున్నాయి కదండీ! ఎలా ఇచ్చారు?"

"అతను గుమ్మంలో కాలు పెట్టగానే ఒకటి ఎగిరెగిరి పడింది, ఒకటే అరుపులు. ఎంత ఆనందమో అనుకున్నాను. ఇదేమో తోకాడించి పడుకుంది. నా కొట్టులో ఎవరి బట్టలు వాళ్లకు కనపడగానే అలాగే అరిచేవాళ్లు మరి..."

మా మరదలు అతని మాట వినడం లేదు. మేకుల వైపు చూస్తోంది. నీలం ఛాతీ పట్టీ ఉన్నచోటే ఉంది. పక్క మేకు ఖాళీ.

"మెడపట్టీ ఎవరు కట్టారు?"

"అతనే. చొక్కా చేతిని కరిచింది కూడా. స్నానం కోపం అనుకున్నాం. గొలుసు స్కూటరు హ్యాండిలుకు చుట్టుకుని..."

మా మరదలు ఫోను తీసి మాస్టారికి చేసింది. మోగుతోంది. మళ్లీ చేసింది. మోగుతూనే ఉంది.

"గ్రౌండుకు తీసుకెళ్తాడు. స్నానం కాగానే తమ్ముడు నేరుగా గ్రౌండుకు తెస్తాడని మాస్టారు పొద్దున చెప్పి వెళ్లాడు. రాకెట్‌ని పక్కన పెట్టుకుని పరిగెడతాడు రోజూ, గొలుసు పట్టుకుని. ఫోను సంచిలో పడేస్తాడు." ఇదంతా చెప్పులు వేసుకుంటూ చెప్పింది. "ఏవండీ, టీచరుగారు వచ్చే వేళయింది. వస్తే కూర్చోబెట్టండి. అబద్ధం చెప్పకండి. నేనొచ్చేదాకా నిజం కూడా చెప్పకండి. బావా, రాకెట్‌ని ఎత్తుకో."

నా వయసు మనిషిని స్కూటరు వెనక, ఒళ్లో కుక్కతో కూర్చోబెట్టడం నేరమని చట్టం తేవాలి. ముసురులో రోడ్డంతా నూనె పూసినట్టుంది. మా మరదలు బస్సులకూ లారీలకూ మధ్య సందుల్లోంచి దూరుస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. రాకెట్ మాత్రం నా భుజం మీద గడ్డం పెట్టి, చెవులు గాలికి వదిలేసి, విహారయాత్రకు వెళ్తున్నట్టుంది.

"ఏమీ కాదులే, అది గట్టి పిండం" అన్నాను ఆమె చెవిలో.

"మాట్లాడకు బావా."

ఆమె అలా అనడం నేను ఎరగను. నాతో వాదిస్తుంది, వెక్కిరిస్తుంది, కానీ నోరు మూయించదు. భుజం మీద నా చెయ్యి కింద ఆమె ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి ఉంది.

రైలు గేటు పడి ఉంది.

మా ముందు బారులు తీరిన బళ్లు. రైలు జాడ లేదు. మా మరదలు గేటు వైపు, పట్టాల వైపు, ఇనుప కాలివంతెన వైపు చూసింది. స్కూటరును రోడ్డు పక్కకు తోసి, తాళం కూడా తియ్యకుండా వంతెన మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. నేను రాకెట్‌ని కిందికి దించి వెంటపడ్డాను. తడిసిన ఇనుప మెట్లు. నా మోకాళ్లు ఒక్కో మెట్టుకూ ఒక్కో కొత్త పాట పాడాయి. రాకెట్ ముందు ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగి, నేను వచ్చేదాకా నిలబడి, మళ్లీ ఎక్కేది. నా సొంత పిల్లలు ఎవరూ నా కోసం అలా ఆగలేదు. మేము నడిమధ్యలో ఉండగా కింద రైలు పోయింది. వంతెనంతా వణికింది. చిన్నప్పుడు సిస్టర్లు నేర్పిన ప్రార్థన ఒకటి మొదలుపెట్టాను. సగంలో అది పాల కార్డు నెంబరులోకి తిరిగిపోయింది.

గ్రౌండు అవతల వీధిలోనే ఉంది. మునిమాపు వేళ. స్తంభాల దీపాలు ఇంకా పూర్తిగా వెలగలేదు, మిణుకుమంటున్నాయి. జల్లు వల్ల మనుషులు లేరు. మాస్టారి తమ్ముడు రేకుల షెడ్డు కింద అటు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు. ట్రాక్ అవతలి వంపులో పొడుగాటి మనిషి ఒకడు పరిగెడుతున్నాడు. చెవుల్లో పాటల తీగలు. పరిగెత్తేటప్పుడు కళ్లజోడు తీసేస్తాడని తర్వాత తెలిసింది. లేకపోతే అతను తన కుక్కను ఎలా పోల్చుకోలేకపోయాడో నాకు ఈ జన్మకు అర్థమయ్యేది కాదు.

అతని వెనక, గొలుసు చివర, ఎర్రటి ముద్ద.

కాసేపు గెంతుతోంది. కాసేపు ఈడ్చుకుపోతోంది. ఆగితే మాస్టారు తిరిగి చూడకుండా, "పద పద" అన్నట్టు గొలుసు ఒకసారి అదిలిస్తున్నాడు. అంత దూరం నుంచి కూడా ఆ చప్పుడు వినపడింది. బాతు కూత.

నేను గొంతు చించుకుని అరవబోయాను. మా మరదలు నా నోటి మీద చెయ్యి వేసింది.

"అరవకు. మాస్టారికి ఎలాగూ వినపడదు. దానికి వినపడుతుంది. నా గొంతు విన్నా, నన్ను చూసినా నా మీదికి దూకుతుంది. నిన్ను చూస్తే నీ మీదికి మొరుగుతూ దూకుతుంది. గొలుసు చివర ఒక్క దూకు చాలు, అయిపోతుంది."

"మరి ఏం చేద్దాం?"

ఆమె స్తంభం చాటుకు జరిగి, నన్నూ లాగింది. మాస్టారు వంపు తిరిగి మా వైపు వస్తున్నాడు. ఎదురెళ్లలేం. ఊరుకోలేం. మా మరదలు వంగి, రాకెట్ కోటు విప్పేసి, దాని ముఖం మాస్టారి వైపు తిప్పింది.

"వెళ్లమ్మా. మీ అయ్య దగ్గరికి వెళ్లు. మొరక్కుండా వెళ్లు."

రాకెట్ కూర్చుంది. ఆమెను చూసి తోక ఊపింది. నన్ను చూసి ఊపింది. అందరూ చుట్టాలే అన్న దాని స్వభావం మీద నాకు మొదటిసారి మండిపోయింది.

"వెళ్లవే తల్లీ" అంది మా మరదలు.

రాకెట్ లేచింది. ముక్కు గాలికి ఎత్తింది. మాస్టారిని పసిగట్టింది. బయలుదేరింది. పరుగు కాదు, షికారు నడక. దారిలో ఎవరో వదిలేసిన బూటు కనపడితే ఆగి వాసన చూసింది. ఈ కుక్కకు రాకెట్ అని పేరు పెట్టిన మనిషిని ఆ క్షణాన నేను మనసులో తిట్టిన తిట్లు సిస్టర్లు వింటే నన్ను మళ్లీ ఒకటో క్లాసులో కూర్చోబెట్టేవాళ్లు. అవతల ఎర్ర ముద్ద మరోసారి ఆగింది. గొలుసు మరోసారి బిగిసింది. మా మరదలి గోళ్లు నా ముంజేతిలో దిగబడ్డాయి.

రాకెట్ బూటు వదిలి, ట్రాక్ దాటి, మాస్టారి కాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

మాస్టారు తూలి ఆగాడు. కిందికి చూశాడు. కళ్లు చికిలించి వెనక్కి చూశాడు. తన కాళ్ల దగ్గర ఒక తెల్ల కుక్క తోక ఊపుతోంది. తన చేతిలో గొలుసు చివర ఇంకో తెల్ల కుక్క ఉంది. దయ్యాన్ని చూసినవాడిలా చెయ్యి విదిలించాడు. గొలుసు నేల మీద పడింది.

"పడింది!" అన్నాను.

మా మరదలు అప్పటికే స్తంభం చాటు నుంచి బయటికి వచ్చేసింది. పింజ ఆమెను చూసింది. గొలుసు ఈడ్చుకుంటూ, గడ్డి మీదుగా, కూతలు కూస్తూ పరిగెత్తింది. సగం దూరంలో ముందు కాళ్లు ముడుచుకుపోయాయి. పక్కకు ఒరిగిపోయింది.

నేను చేరుకునేసరికి మా మరదలు తడి గడ్డి మీద మోకాళ్ల మీద ఉంది. బకిలు ఊడదీసి విసిరేసింది. కోటు బొత్తాలు తెంపేసింది. పింజ నాలుక నీలంగా ఉంది. డొక్కలు ఎగరేసినట్టు కొట్టుకుంటున్నాయి కానీ గాలి లోపలికి పోతున్న చప్పుడు లేదు.

"ఏమైంది మేడం? ఇది... ఇది రాకెట్ కాదా?" మాస్టారు పరిగెత్తుకొచ్చాడు.

"దూరం జరగండి. ఎవ్వరూ దగ్గరికి రావద్దు. భయపడితే గొంతు ఇంకా బిగుస్తుంది."

అందరం వెనక్కి జరిగాం. మా మరదలు పింజను ఛాతీ కింద చెయ్యి పెట్టి మెల్లగా లేవనెత్తి, మెడ తిన్నగా ముందుకు చాచి పట్టుకుంది. ఆ తర్వాత పాడడం మొదలుపెట్టింది.

మా మరదలు పాడడం నేనెన్నడూ వినలేదు. విన్నాక ఎందుకు పాడదో అర్థమైంది. టీచరుగారు పింజను ఒళ్లో పెట్టుకుని రోజూ పొద్దున తీసే రాగం అదని తర్వాత చెప్పింది. మా మరదలి గొంతులో ఆ రాగం మూడు ముక్కలైంది. కళ్ల నిండా నీళ్లు, అయినా ఆపలేదు. పాడుతూ, బొటనవేలితో గొంతు కింద మెల్లగా రాస్తూనే ఉంది. మాస్టారు చేతులు జోడించి నిలబడ్డాడు. రాకెట్ అతని పక్కన కూర్చుని చూస్తోంది.

పింజ ఒక కన్ను తెరిచింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు, ఫిర్యాదు ఉంది. ఎవరు మా అమ్మ పాటను ఇలా పాడు చేస్తున్నారని. తర్వాత ఈలలాంటి చప్పుడు ఒకటి వచ్చింది. ఇంకొకటి. గాలి పోతోంది.

కుక్కల డాక్టరు దగ్గరికి మాస్టారే తన కారులో తీసుకెళ్లాడు. తమ్ముడు వెనక సీట్లో బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. అక్కడ దాని మూతికి గొట్టం పెట్టి గాలి పట్టారు, సూదిమందు వేశారు. నాలుక రంగు తిరిగింది. "ఇంకో వంపు పరిగెత్తించి ఉంటే నా దగ్గరికి తెచ్చే పని ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. మా మరదలు గోడకు ఆనుకుని, మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది.

అసలు కష్టం ఇంకా మిగిలే ఉంది. కొట్టులో టీచరుగారు కూర్చుని ఉన్నారు.

మేం వెళ్లేసరికి మా తోడల్లుడు ఆవిడకు గుడ్డల రకాల గురించి వివరిస్తున్నాడు. నిజం చెప్పొద్దు, అబద్ధం చెప్పొద్దు అన్నందుకు నూలు దారం చరిత్ర ఎత్తుకున్నాడు పాపం. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి ఉంది. టీచరుగారు ఆయన మాటలు వినడం లేదు. ఆవిడ చేతిలో నీలం ఛాతీ పట్టీ ఉంది. మేకు మీంచి తీసినట్టున్నారు.

"పట్టీ ఇక్కడుంది. కుక్క ఎక్కడుందమ్మాయ్?"

మా మరదలు పింజను ఆవిడ ఒళ్లో పెట్టింది. నోరు తెరిచేలోపే టీచరుగారు చెయ్యెత్తి ఆపి, వంగి, పింజ గొంతు దగ్గర చెవి ఆనించారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఆవిడ ఎంతమంది పిల్లల గొంతులు సరిచేశారో ఆవిడకే తెలియదు. చిన్న అపశ్రుతి కూడా దాటిపోదు.

"దీని మెడకు ఎవరో ఏదో కట్టారు" అన్నారు తలెత్తి.

"అవునండీ." మా మరదలు అన్నీ చెప్పింది. రెండు కోట్లు, ఒక గుడ్డ, మూసిన తలుపు, మిషను చప్పుడు, గొలుసు, గ్రౌండు. మొగుడి పేరు ఎత్తలేదు. "నా కొట్టులో జరిగింది. తప్పు నాది" అంది.

"కాదండీ, నాది" అన్నాడు మా తోడల్లుడు. "దీనికి ఆనందం అనుకున్నాను."

టీచరుగారు ఆయన వైపు చూసిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను, నా తప్పేమీ లేకపోయినా.

"కోపంగా ఉంది నాకు" అన్నారు ఆవిడ. "రేపు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇంకెక్కడికైనా తీసుకెళ్దామంటే, ఇది నిన్ను తప్ప ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. పోయినసారి నువ్వు లేనప్పుడు ఇంకో చోటికి తీసుకెళ్తే వాళ్ల కత్తెర కొరికేసింది. ఏం చెయ్యను? మంచి బుద్ధి గల కుక్కయితే నిన్ను మార్చేసేదాన్ని."

మా మరదలు చేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇకనుంచి నేనూ వస్తాను. ఆ కుర్చీలో కూర్చుంటాను. పనయ్యేదాకా కదలను. ఇంకోటి." ఆవిడ మా తోడల్లుడి వైపు తిరిగారు. "దీనికి కోటు కుట్టండి. ఈ ఊళ్లో ఇంకే కుక్కకూ లేని రంగు. గుడ్డ మిగిలితే తగలబెట్టండి."

ఆ చివరి మాటకు మా తోడల్లుడి గుండె ఎంత విలవిల్లాడిందో మాకు తెలుసు. తలూపాడు.

మరుసటి వారం నేను వెళ్లేసరికి కొలతలు తీస్తున్నాడు. టీచరుగారు నీలం పట్టీ పట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చుని చూస్తున్నారు. పింజ ఆవిడ ఒళ్లో నిలబడి, టేపు పట్టుకున్న చేతి మీదికి లేచి, ఆగకుండా మొరుగుతోంది. కిటికీ కింద, మాస్టారు దింపి వెళ్లిన రాకెట్, టేపు రెండో కొస మీద పడుకుని నిద్రపోతోంది.

"మనవరాలికి ఏది తెమ్మంటావ్ మరి? ఇంట్లో అడుగుతున్నారు" అన్నాను మా మరదలితో.

"ఇంట్లో నువ్వుంటావుగా బావా. కబుర్లు చెబుతూ గొలుసు ఎక్కడో వదిలేసే మనిషివి. పొమేరియన్ నీ చేతిలో బతకదు. స్పిట్జ్ తీసుకో. తప్పిపోయినా ఎవరో ఒకరి ఇంట్లో సుఖంగా ఉంటుంది."

ఇంతలో పింజ మా తోడల్లుడి చొక్కా చేతిని పట్టేసింది.

"చూశారా?" అంది మా మరదలు, కత్తెర కిందికి దించకుండానే. "ఎంత ఆనందమో!"

టీచరుగారు నవ్వలేదు. కానీ పట్టీ పట్టుకున్న చెయ్యి కాస్త వదులైంది.